మా వియ్యపురాలికి నేనిచ్చిన మెమో

నేను చచ్చిపోయిన రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసిందంతా పదిమంది చెప్పగా విన్నదే. పదిమందీ పది రకాలుగా చెప్పారు. ఒకరి మాట ఇంకొకరి మాటతో పోల్చి చూసుకుని, పొసగనివి తీసేసి, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు స్టోరులో పనిచేసినవాడికి ఆ మాత్రం చాదస్తం ఉంటుంది.

మాది బస్సు డిపో. బ్రేకు లైనింగుల దగ్గర్నుంచి కిటికీ అద్దాల రబ్బరు దాకా ఎవరికి ఏది కావాలన్నా నా కిటికీ దగ్గరికే రావాలి. చీటీ లేనిదే బోల్టు కూడా ఇవ్వను. బీరువాలకీ, అరలకీ, పెట్టెలకీ కలిపి నా గుత్తిలో నలభై మూడు తాళంచెవులు ఉండేవి. ఏది దేనిదో నా వేళ్లకి తెలుసు. ఒక్కదానికీ గుర్తు కట్టలేదు. గుర్తు కట్టాక ఇంక తాళం వేయడం దేనికి? అందుకే డిపోలో నన్ను తాళాల మాస్టారు అంటారు. ఎదురుపడితే మాస్టారు, వీపు తిప్పితే తాళాలు.

ఇక మా వియ్యపురాలు. మా అమ్మాయిని ఆవిడ కొడుక్కిచ్చాం. ఆవిడ మా డిపోలోనే బస్సులు శుభ్రం చేస్తుంది. షెడ్డులోకి వచ్చిన బండెక్కి సీట్లు దులిపి, అద్దాలు తుడిచి, ఎవరో తిని పారేసిన తొక్కలు ఏరి, నేల కడిగి దిగుతుంది. మా ఆఫీసు గదులు తుడిచేది కూడా ఆవిడే. కాంట్రాక్టు మనిషి, ఏటా సంతకం పడితేనే ఇంకో ఏడాది పని. ఇంటి దగ్గర ఆవిడ మగపిల్లాడి తల్లి, నేను ఆడపిల్ల తండ్రిని. డిపోలో నేను ఇన్‌ఛార్జిని. గేటు బయట "రండి చెల్లెమ్మగారూ, కూర్చోండి" అనేవాణ్ణి. గేటు దాటగానే "ఆ బకెట్టు దారిలోంచి తీయండి" అనేవాణ్ణి. రెంటికీ ఆవిడ ఒకటే నవ్వు నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు మొదట్లో హెడ్డాఫీసు నుంచి ఒక ఎర్ర పెట్టె వచ్చింది. ఉన్నట్టుండి గుండె లయ తప్పి మనిషి కుప్పకూలిపోతే, షాకిచ్చి ఆ గుండెను మళ్లీ దారికి తెచ్చే యంత్రం. డిపోలో అందరూ దాన్ని గుండెపెట్టె అన్నారు. దాని గురించి ఒకరోజు శిక్షణ ఇస్తామంటే డిపో తరఫున ఇద్దరం వెళ్లాం, నేనూ, టైమ్‌కీపరూ. రెండు నెలలు తిరక్కుండానే ఆయనకి బదిలీ అయింది. డిపో మొత్తానికి శిక్షణ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ సంగతి నేను సంతోషంగానే అందరికీ చెప్పుకున్నాను.

అంత ఖరీదైన వస్తువును గోడకి ఊరికే తగిలించమన్నారు హెడ్డాఫీసువాళ్లు. నాకు మనసొప్పలేదు. స్టోరు ముందున్న వరండాలో గోడకి అద్దం తలుపుల అలమారా చేయించి, దానికి తాళం వేయించాను. తలుపు మీద నా చేత్తోనే నోటీసు రాసి అంటించాను: "శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే ఉపయోగించవలెను. తాళంచెవి స్టోర్ ఇన్‌ఛార్జి వద్ద లభించును." అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. మా మేనేజరు దానికి ఫొటో తీసి పైకి పంపాడు. వాళ్లు మెచ్చుకుని, మిగతా డిపోలన్నీ ఇలాగే చేయాలని సర్క్యులర్ ఇచ్చారు. ఆ సర్క్యులర్ కాగితం నా బల్ల మీద గాజుపలక కింద పెట్టుకున్నాను. రోజుకి నాలుగుసార్లు చూసుకునేవాణ్ణి.

నెలకోసారి ఆ పెట్టె మీది ఆకుపచ్చ దీపం వెలుగుతోందో లేదో చూడాలి. ఒకరోజు తలుపు తీసి చూస్తుంటే స్టోరు లోపల ఫోను మోగింది. ఎత్తడానికి వెళ్లాను. మాటల్లో ఉండగా వరండాలోంచి ఎవరో ఆడమనిషి గొంతు గట్టిగా, నెమ్మదిగా వినిపించింది. "కంగారు పడకండి. నేను చెప్పినట్టు చేయండి." అది మా డిపోలో ఎవరి గొంతూ కాదు. ఫోను పడేసి పరుగెత్తాను. మా వియ్యపురాలు దుమ్ము గుడ్డ భుజాన వేసుకుని, గుండెపెట్టె మూత తెరిచి పట్టుకుని, చుట్టాలు చెప్పే కబురు విన్నట్టు తల వంచి వింటోంది.

"ఏం చేస్తున్నారు?" అని అరిచాను.

"మూత మీద దుమ్ముందని తుడుస్తుంటే తెరుచుకుంది అన్నయ్యగారూ. ఇది మాట్లాడుతోంది!"

"మూసేయండి ముందు! అది మీరు ముట్టుకునే వస్తువు కాదు."

ఆవిడ మెల్లిగా మూసింది. "పాపం, చెబుతుంటే మధ్యలో మూసేశాం" అంది. షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అలమారా తెరిచి వదిలేసి వెళ్లిన తప్పు నాదేనని లోపల తెలుసు. తెలిసినందుకే కోపం ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రమే మెమో రాశాను. "అనుమతి లేకుండా ప్రాణరక్షణ పరికరం మూత తెరిచి, అది ఇచ్చు సూచనలను సుమారు నిమిషంన్నర పాటు విన్నారు. ఇందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను." కింద సంతకం, తేదీ, స్టాంపు. సొంత వియ్యపురాలికి మెమో ఇచ్చిన మొదటి మగాణ్ణి నేనే అయ్యుంటాను.

మూడో రోజు నా మెమోతో పాటు సంజాయిషీ వచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, గుండ్రటి చేతిరాత. "గౌరవనీయులైన అన్నయ్యగారికి. మూత తెరవగానే ఒకావిడ మాట్లాడింది. కంగారు పడకండి అంది. అంబులెన్సుకి ఫోను చేయించమంది. చొక్కా తీసేయమంది. సంచిలోని బిళ్లలు రెండూ బొమ్మలో చూపినచోట అతికించమంది. అంతలో మీరు వచ్చారు. అది ఎవరు నువ్వని నన్ను అడగలేదు. అందుకని విన్నాను. ఇకమీదట దుమ్ము మాత్రమే తుడుస్తాను." ఆ రెండు కాగితాలూ కలిపి ఫైల్లో గుచ్చి పెట్టాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నేను పెదవి కూడా కదపలేదు, అయినా రాత్రికల్లా ఇంట్లో తెలిసిపోయింది. మా ఆవిడ నా ముందు కంచం పెట్టిన చప్పుడుకి పక్కింటివాళ్లు తొంగిచూశారు. "అమ్మాయి కాపురం చేస్తున్న ఇంటికి మెమో పంపిస్తారా?" అంది. అమ్మాయి ఫోన్లో ఏడుస్తూ, "నాన్నా, అత్తయ్య ఏమీ అనట్లేదు. అదే నాకు భయంగా ఉంది" అంది. నిజంగానే ఆవిడ ఒక్క మాట అనలేదు. మర్నాడు నా గది తుడిచి, గాజుపలక కింది సర్క్యులర్ మీద మరక ఉంటే గుడ్డతో రుద్ది మరీ వెళ్లింది.

ఇది జరిగిన నాలుగు నెలలకి నేను చచ్చిపోయాను.

ఉదయం తొమ్మిది దాటి నలభై నిమిషాలు. హెడ్ మెకానిక్ నా కిటికీ దగ్గరికి వచ్చి ఫ్యానుబెల్టు కావాలన్నాడు. బండి ర్యాంపు మీద ఉంది, చీటీ తర్వాత రాసిస్తానన్నాడు. నేను కిటికీలోంచి మాట్లాడితే సరిపోదని బయటికొచ్చి మరీ కేకలేశాను. ఆఖరిగా నా నోట్లోంచి వచ్చిన మాట "చీటీ ఏది?" అట. అలా అంటూనే నిలువునా కూలిపోయానట. ఎవరైనా పోయేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటారు, నేను చీటీని తలుచుకున్నాను.

మెకానిక్ మంచివాడు, కానీ కంగారు మనిషి. నేను నేల మీద పడి చేతులు ఒకసారి కొట్టుకుంటే, నోట్లోంచి గురకలాంటి చప్పుడు వస్తుంటే, ఫిట్స్ అనుకున్నాడు. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని వాళ్ల అమ్మమ్మ చెప్పిందట. అటూ ఇటూ చూశాడు. నా నడుముకి నా తాళాలగుత్తి ఉంది. అది ఊడబెరికి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నలభై మూడు తాళంచెవులూ నా చేతిలోనే ఉన్నాయి. శిక్షణ పొందిన సిబ్బంది మొత్తం నేల మీద ఉంది. నా నోటీసులో రాసినట్టు అన్నీ ఒకచోటే లభించాయి.

చుట్టూ మూగినవాళ్లు తలోమాటా అన్నారు. నీళ్లు చల్లమన్నవాడొకడు, ఫ్యాను వేయమన్నవాడొకడు. ఆ గుంపును తోసుకుని మా వియ్యపురాలు వచ్చింది, చీపురు చేతిలోనే ఉంది. నా మొహం చూసింది. బూడిదరంగులోకి తిరిగిందట. పక్కన కూర్చుని భుజం పట్టి కుదిపింది. "అన్నయ్యగారూ! అన్నయ్యగారూ!" పలకలేదు. ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. కదలిక లేదు.

"ఫోను చెయ్యి తమ్ముడూ అంబులెన్సుకి. అందరికీ వినపడేలా పెట్టు" అంది మెకానిక్‌తో.

వాడు ఒక చేత్తో నా పిడికిలి పట్టుకునే, ఇంకో చేత్తో ఫోను చేశాడు. అవతలివాళ్లు ఊపిరి ఉందా అని అడిగారు. "గురక పెడుతున్నాడండీ" అన్నాడు. "అది ఊపిరి కాదండీ. గుండె ఆగిపోయినప్పుడు అలాంటి చప్పుడు వస్తుంది. వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కండి. దగ్గర్లో షాకిచ్చే యంత్రం ఉంటే ఎవరినైనా తెమ్మనండి."

"నువ్వు నొక్కుతుండు. పెట్టె నేను తెస్తా" అంది ఆవిడ.

"దానికి తాళం కదా వదినా! ఏ చెవో ఈయనకి తప్ప ఎవరికీ తెలీదు!"

"శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే అని రాసుంది కూడా" అని వెనకనుంచి ఇంకెవరో గుర్తుచేశారు. నా ముత్యాల్లాంటి అక్షరాలు అంత పని చేశాయి.

ఆవిడ చీపురు పారేసి లేచింది. కడగడానికి పెట్టిన బండి పాతిక అడుగుల్లో ఉంది. ప్రతి బస్సులోనూ కిటికీ పక్కన అద్దం పగలగొట్టే ఎర్ర సుత్తి ఒకటి తగిలించి ఉంటుంది, ప్రమాదం జరిగితే జనం బయటపడడానికి. మేమెవరమూ దాన్ని తలెత్తి చూడం. ఆవిడ రోజూ దుమ్ము తుడుస్తుంది. కళ్లు మూసుకున్నా దాని చోటు తెలుసు. బండెక్కి, సుత్తి పీకి, దిగి, అలమారా దగ్గరికి వచ్చి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే దెబ్బ. నా నోటీసుతో సహా అద్దం కిందికి రాలింది.

పెట్టె నా పక్కన పెట్టి మూత తెరిచింది. "కంగారు పడకండి. నేను చెప్పినట్టు చేయండి" అంది లోపలి గొంతు.

"చెప్పు తల్లీ" అంది మా వియ్యపురాలు.

అది చెప్పినట్టే చేసింది. పెట్టెలోని కత్తెరతో ఇస్త్రీ చేసిన నా చొక్కానీ, బనీనునీ నిలువునా కోసేసింది. ఒళ్లంతా చెమటతో తడిసి ఉంటే భుజాన ఉన్న దుమ్ము గుడ్డ చూసి, అది వద్దని, ఎవరి తువ్వాలో లాక్కుని తుడిచింది. బిళ్ల ఒకటి కుడివైపు మెడ ఎముక కింద, ఇంకొకటి ఎడమ చంక కింద, బొమ్మలో ఉన్నట్టు అతికించింది. అప్పటిదాకా మెకానిక్ ఒంటిచేత్తో నొక్కుతున్నాడు. రెండో చెయ్యి ఇంకా నా పిడికిలినే పట్టుకుని ఉంది.

"గుండె లయ పరీక్షిస్తున్నాను. ఎవరూ తాకవద్దు" అంది పెట్టె.

"వదులు తమ్ముడూ!"

"ఇనుము వదినా, తీసేస్తే..."

"ఆ ఇనుమూ వద్దు, నీ చెయ్యీ వద్దు. వదలమంటుంటే!" అని వాడి చేతి మీద ఒక్కటేసింది. తాళాలగుత్తి గల్లుమని నేల మీద పడింది. ఆవిడ దాన్ని కాలితో ఆవలికి తన్నేసింది. ముప్పై నాలుగేళ్లలో ఆ గుత్తికి జరిగిన అవమానం అదొక్కటే. నాకు మెలకువ ఉంటే ఇంకో మెమో రాసేవాణ్ణేమో.

"షాక్ అవసరం. అందరూ దూరంగా ఉండండి. మెరుస్తున్న బటన్ నొక్కండి." ఆవిడ చుట్టూ ఉన్న అందరినీ చేతులు చాచి వెనక్కి నెట్టింది. ఒకసారి నా మొహం కేసి చూసింది. "తప్పయితే క్షమించండి అన్నయ్యగారూ" అని, నొక్కింది. నేను చేపలా ఎగిరిపడ్డానంటారు కొందరు. మరీ అంత కాదంటుంది ఆవిడ, కాస్త ఉలిక్కిపడ్డానట, అంతే. ఈ విషయంలో నేను ఆవిడ మాటే నమ్ముతాను.

ఆ తర్వాత మళ్లీ ఛాతీ నొక్కమంది పెట్టె. టిక్కు టిక్కుమని తాళం కూడా అదే వేసింది. ఈసారి ఆవిడే మోకాళ్ల మీద లేచి నొక్కింది. రోజుకి ఇరవై బస్సుల నేల రుద్దే చేతులవి. నా పక్కటెముకలు రెండు పుటుక్కుమన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లకి కూడా వినపడిందట. ఆవిడ ఆపలేదు. రెండు నిమిషాల లోపే నేను మూలిగి, చెయ్యి కదిపి, ఆవిడ చేతిని తోసేయబోయానట. అప్పుడు ఆవిడ వెనక్కి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందని మెకానిక్ చెప్పాడు. ఆవిడ మాత్రం చెమట తుడుచుకున్నానంటుంది.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. పెద్ద డాక్టరు నన్ను చూసి, "నిమిషం నిమిషానికీ బతికే అవకాశం తగ్గిపోతుంది. మీకు మొదటి షాక్ నాలుగైదు నిమిషాల్లో అందింది. ఎవరు ఇచ్చారు?" అని అడిగాడు. "మా వియ్యపురాలు" అన్నాను. నర్సా అన్నాడు. కాదు, బస్సులు కడుగుతుంది అన్నాను. ఆయన రాస్తున్న కలం ఆపాడు. ఆ మాట చెప్పినప్పుడు, గొట్టాల మధ్య పడుకుని ఉండి కూడా, నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. తర్వాత వచ్చిన ప్రతి నర్సుకీ అడక్కుండానే చెప్పాను.

అసలు సంగతి నాకు పదో రోజున తెలిసింది. ఆవిడ ఆసుపత్రికి రోజూ పొద్దున పదింటికే వస్తోంది. ఆ వేళకి డిపోలో ఉండాలి కదా అని అమ్మాయిని గట్టిగా అడిగాను. అది తల వంచుకుంది.

"అత్తయ్యని పనిలోకి రావద్దన్నారు నాన్నా. విచారణ ఉందట. అలమారా పగలగొట్టిందనీ, బస్సులో సుత్తి తీసేసిందనీ, శిక్షణ లేకుండా యంత్రం వాడిందనీ. సర్క్యులర్‌కి వ్యతిరేకమట. ఈ నెలాఖరుకి కాంట్రాక్టు సంతకం పడాలి. పడదంటున్నారు."

"ఏ సర్క్యులర్?" అన్నాను. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. నా గాజుపలక కింద ఉన్నదే.

తాను తీసిన గోతిలో తానే పడితే అందులో కాస్త న్యాయమన్నా ఉంటుంది. నేను పడిన గోతిలోంచి నన్ను పైకి లాగి, ఆవిడ లోపల ఉండిపోయింది. ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. సిగ్గుతో పట్టలేదు, ఇంకో కారణం చెప్పను.

విచారణ నాటికి నేను ఇంటికొచ్చి వారమే అయింది. మా ఆవిడ చెప్పులు దాచేసింది. నన్ను చూడడానికొచ్చిన అల్లుడి చెప్పులు వేసుకుని వెళ్లాను. మేనేజరు గదిలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మా వియ్యపురాలు గోడ పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి, "ఎండలో ఎందుకొచ్చారు అన్నయ్యగారూ?" అంది. కుర్చీ ఒకటే ఖాళీగా ఉంది. నేను దాన్ని ఆవిడ వైపు జరిపి, గోడకి ఆనుకున్నాను.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. నాలాంటివాడే, అదే చిక్కు. "మీ ప్రాణం నిలబడింది, సంతోషం. కానీ రేపు ప్రతివాడూ అద్దాలు పగలగొట్టి, తెలిసీ తెలియక షాకులిస్తే బాధ్యత ఎవరిది? శిక్షణ ఉన్నవాళ్లే వాడాలని రూలుంది కదా" అన్నాడు.

"ఆ రూలు పైనుంచి రాలేదు సార్. నేను రాశాను. మీరు మెచ్చుకుని సర్క్యులర్ చేశారు" అన్నాను. "రాసినవాడు ఆ రూలు వల్ల చచ్చిపోయి, దాన్ని పగలగొట్టడం వల్ల బతికి, మీ ముందు నిలబడి చెబుతున్నాడు. అది తప్పు. కొట్టేయండి."

"అది వేరే సంగతి. ఇప్పుడున్న ప్రశ్న ఆవిడకి శిక్షణ ఉందా లేదా అని."

"ఉంది సార్" అన్నాను.

మా వియ్యపురాలు ఉలిక్కిపడి నావైపు చూసింది. నేను వస్తూ తెచ్చిన స్టోరు ఫైలు తెరిచి, నా మెమో, ఆవిడ సంజాయిషీ బల్ల మీద పెట్టాను. "చదవండి. ఫలానా తేదీన పరికరం మూత తెరిచి, అది ఇచ్చిన సూచనలు నిమిషంన్నర పాటు విన్నారు. నా సంతకం, నా స్టాంపు. ఒకరోజు శిక్షణలో నాకు నేర్పింది కూడా అదే సార్, మూత తెరిచి చెప్పింది వినమని. దానికి నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆవిడకి నేను మెమో ఇచ్చాను."

ఆయన సంజాయిషీ చదివాడు. "అది ఎవరు నువ్వని నన్ను అడగలేదు" అన్నచోట ఆగాడు. మళ్లీ చదివాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి విన్నంత మాత్రాన ఎవరైనా వాడేయగలరంటే ఎలాగండీ?"

"ఒకసారి తెరిచి చూపించనా సార్?" అంది మా వియ్యపురాలు.

ఆఫీసరు జవాబిచ్చేలోపే లేచి వెళ్లి, పెట్టె తెచ్చి, ఆయన ముందు బల్ల మీద పెట్టి మూత తెరిచింది. "కంగారు పడకండి. నేను చెప్పినట్టు చేయండి." ఆఫీసరు ముందుకి వంగాడు. "సంచిలోని బిళ్లలు తీయండి" అనగానే ఆయన చెయ్యి, ఆయనకి తెలియకుండానే, సంచి మీదికి వెళ్లి అంచు పట్టుకుంది.

మా వియ్యపురాలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "చింపకండి సార్. అవసరమైనవాళ్లకి ఉండాలి" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన వేళ్ల కేసి కాసేపు చూసుకున్నాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే పక్కటెముకలు నొప్పి, అందుకని పళ్లు బిగించి నిలబడ్డాను. ఆఫీసరు ఫైలు మూసి, "షాకిచ్చేటప్పుడు భయం వేయలేదా అమ్మా?" అని అడిగాడు.

"వేసింది సార్. కానీ అప్పటికే పోయిన మనిషిని నేనింకేం చెడగొడతాను?"

నెలాఖరులోపు కాంట్రాక్టు మీద సంతకం పడింది. పాత సర్క్యులర్ రద్దయింది. అన్ని డిపోల్లోనూ ఆ పెట్టెలకి తాళాలు తీసేయాలని, పనివాళ్లందరికీ, శుభ్రం చేసేవాళ్లతో సహా, మూత తెరిచి వినిపించాలని కొత్తది వచ్చింది. పక్క డిపోలు రెండింటికి నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లి తాళాలు ఊడదీసి వచ్చాను. వేసినవాడే తీయాలి కదా. మా గోడ మీద కొత్త నోటీసుకి మాటలు మా వియ్యపురాలు చెప్పింది, నేను రాశాను: "ఎవరైనా తీయొచ్చు. మూత తెరవండి. అదే చెబుతుంది." కింద నా సంతకం పెట్టలేదు. ఆవిడ చేత పెట్టించాను. "దీనికి అనుమతి ఉందా అన్నయ్యగారూ?" అని అడిగి మరీ పెట్టింది.

ఇక ఆ మెమో. రద్దు అని రాసి చింపేద్దామని ఆవిడ ముందే ఫైలు తెరిచాను. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"చింపకండి. నాకున్న సర్టిఫికెట్ అదొక్కటే" అంది.

నిజప్రతి అని రాసి, స్టాంపు వేసి, నకలు ఇచ్చాను. అల్లుడు దానికి అద్దం కట్టించి ముందుగదిలో గడియారం పక్కన తగిలించాడు. అమ్మాయిని చూడడానికి వెళ్లినప్పుడల్లా నన్ను సరిగ్గా దాని కిందే కూర్చోబెడతారు. వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. మా వియ్యపురాలు నావైపు చూసి అదే పాత నవ్వు నవ్వి, టీ తేవడానికి లోపలికి వెళ్లిపోతుంది. చెప్పాల్సింది నేనే. మొదట్నుంచి చివరిదాకా, తాళాలతో సహా చెబుతాను. ఆవిడ సుత్తి ఎత్తిన దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ నా రొమ్ము పొంగుతుంది. పొంగినప్పుడల్లా ఆ రెండు పక్కటెముకలూ ఇప్పటికీ కలుక్కుమంటాయి.